న్యాయవాది నుంచి రాజ్‌భవన్ దాకా: ఖరగ్‌పూర్ కార్మిక నాయకుడు వి.వి. గిరి



బ్రిటిష్ సామ్రాజ్యంలో న్యాయశాస్త్రం చదివినవారు గవర్నర్లు కావడం వింతేమీ కాదు. ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో పుట్టిన జాన్ పోప్ హెన్నెసీ అలాంటివారే. ఆయన బారిస్టరు. 1872లో పశ్చిమ ఆఫ్రికా వలసలకు పాలకుడిగా వెళ్ళారు. 1883 నుంచి 1889 వరకు మారిషస్ గవర్నరుగా ఉన్నారు. మన కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలు చెరకు తోటల్లో పనిచేసిన దీవి అది. అక్కడ తన కింది అధికారులతో తగవు ముదిరినప్పుడు ఆయనను పదవి నుంచి తాత్కాలికంగా తప్పించారు, తర్వాత మళ్ళీ కూర్చోబెట్టారు. ఈ రెండు పనులూ పైవారే చేశారు. మారిషస్ ప్రజలను ఎవరూ అడగలేదు. వలస గవర్నరుకు ప్రజలు ఓటు వేయరు. లండన్ నియమిస్తుంది, లండన్ బదిలీ చేస్తుంది, లండనే తొలగిస్తుంది.

మరి స్వతంత్ర భారతదేశంలో గవర్నరు ఎవరి మనిషి? రాజనీతిశాస్త్రం పరీక్షల్లో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. విద్యార్థులు 153వ అధికరణం, 155వ అధికరణం అని వరుసగా రాసుకుపోతారు. ఈ పాఠంలో మనం అదే ప్రశ్నను ఒక మనిషి జీవితం ద్వారా పరిశీలిద్దాం. ఆయన తెలుగువారు, బారిస్టరు. మూడు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. అయితే ఆయనకు దేశంలో పేరు తెచ్చినది కోర్టు కాదు, పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు. ఆయనే వరాహగిరి వేంకటగిరి.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆనాడు అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందిన ఊరు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ వాది. తల్లి సుభద్రమ్మ కూడా జాతీయోద్యమంలో పాల్గొన్నారు. కుమారుడు కూడా తండ్రి వృత్తిలోకే రావాలని ఇంట్లో అనుకోవడం సహజమే. 1913లో ఆయనను న్యాయవిద్యకు పంపారు. చాలామంది లండన్ వెళుతుంటే ఆయన మాత్రం డబ్లిన్ వెళ్ళారు.

ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. 1913 ఆగస్టులో డబ్లిన్‌లో పెద్ద పారిశ్రామిక పోరాటం మొదలయింది. జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీ నడిపిన యూనియన్‌లో చేరినవారికి పని లేదని యజమానులు తలుపులు మూశారు. దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి ఆకలితో గడిపారు. లాకౌట్ అంటే ఏమిటో గిరి పుస్తకాల్లో చదవకముందే వీధిలో చూశారు.

అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలో గాంధీ సత్యాగ్రహం తీవ్రస్థాయికి చేరింది. గాంధీ కూడా బారిస్టరే. కాని ఆఫ్రికాలో ఆయన ప్రభుత్వం వైపు కాక, ఒప్పంద కూలీల వైపు నిలిచారు. ఆ కూలీలలో నేటాల్ చెరకు తోటల తెలుగువారు కూడా ఉన్నారు. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరిగే దౌర్జన్యాలను వివరిస్తూ డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం తయారుచేశారు. అది బ్రిటిష్ గూఢచారుల కంటబడింది, దానితో ఆ విద్యార్థుల మీద నిఘా పెరిగింది. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ తిరుగుబాటు జరిగింది. విశ్వవిద్యాలయంలో గిరికి ఆంగ్లం బోధించిన థామస్ మెక్‌డొనా ఆ తిరుగుబాటు నాయకులలో ఒకరు. ఆయనను ప్రభుత్వం కాల్చి చంపింది. జూలై 1 నాటికి దేశం విడిచి వెళ్ళాలని గిరికి ఉత్తర్వు వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే, జూన్ 21న, ఆయన బారిస్టరుగా నమోదయ్యారు. పట్టా చేతికి వచ్చింది, వెనువెంటనే దేశబహిష్కారమూ వచ్చింది!

స్వదేశం వచ్చాక బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. 1920లో గాంధీ పిలుపుతో దానిని వదిలేశారు. 1922లో మద్యం దుకాణాల ముందు పికెటింగ్ చేసి మొదటిసారి జైలుకు వెళ్ళారు.

ఖరగ్‌పూర్‌లో ఏం జరిగింది?

ఇక్కడ కొంచెం రైల్వే భూగోళం తెలియాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక ప్రైవేటు కంపెనీ. 1887లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లో ఉండేది. కటకం నుంచి వాల్తేరు వరకు ఉన్న తూర్పుకోస్తా మార్గం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. అంటే వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం రోడ్, బరంపురం, ఖరగ్‌పూర్, హౌరా అన్నీ ఒకే కంపెనీ పట్టాల మీద ఉండేవి. కంపెనీ తన పెద్ద వర్క్‌షాపును ఖరగ్‌పూర్‌లో నిర్మించింది. ఇంజన్ల మరమ్మతుకు, పెట్టెల తయారీకి వేలమంది మనుషులు కావాలి. విశాఖ, గంజాం జిల్లాల నుంచి తెలుగువారు ఆ పట్టాల వెంటే అక్కడకు వెళ్ళి స్థిరపడ్డారు. వారి సంతతి ఈనాటికీ ఖరగ్‌పూర్‌లో పెద్ద సంఖ్యలో ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ముఖ్యకారణం ఈ ఊరి తెలుగువారే. ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాత జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదివి ఉంటారు. దాని పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి.

రైల్వే పట్టణంలో ఉద్యోగం పోవడమంటే జీతం పోవడం ఒక్కటే కాదు. ఉండే క్వార్టర్సు కంపెనీది, వైద్యం కంపెనీ ఆసుపత్రిలో, పిల్లల చదువు చాలావరకు కంపెనీ బడిలో. తొలగింపు నోటీసు అందుకున్నవాడు ఇల్లు కూడా ఖాళీ చేయాలి. సొంత ఊరు నాలుగైదు వందల మైళ్ళ దూరంలో ఉంటుంది. అందుకే అక్కడ తొలగింపు అనే మాట వింటే కార్మికుల కుటుంబాలు వణికిపోయేవి.

1927లో ఖరగ్‌పూర్‌లో రెండుసార్లు పోరాటం జరిగింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి వరకు సాగింది. సమ్మెదారుల మీద బలప్రయోగం కూడా జరిగింది. ఆ గాయం మానకముందే, అదే సంవత్సరం సెప్టెంబరులో, వర్క్‌షాపు నుంచి వెయ్యిమందికి పైగా కార్మికులను తొలగించడానికి కంపెనీ పూనుకుంది. గొడవ పెరిగి లాకౌట్ వచ్చింది. డిసెంబరు వరకు వర్క్‌షాపు స్తంభించింది. ఈ పోరాటానికి యూనియన్ తరఫున నాయకత్వం వహించినది గిరి. డబ్లిన్‌లో చూసిన లాకౌట్ పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఆయన ఎదుటకు వచ్చింది. ఈసారి ఆయన ప్రేక్షకుడు కాదు.

ఒక బారిస్టరు కార్మికులకు ఏ విధంగా పనికివస్తాడు? ఉపన్యాసం ఎవరైనా ఇవ్వగలరు. కంపెనీ ఏజెంటు ఎదుట కూర్చుని ఎవరి సర్వీసు ఎంత, ఎవరిని ఏ కారణంతో తీసేశారు, నోటీసు గడువు సరిపోయిందా, పరిహారం ఎంత రావాలి అని ఒక్కొక్క అంశాన్నీ కాగితం మీద పెట్టి వాదించాలంటే న్యాయవాది శిక్షణ కావాలి. పైగా కార్మికులలో చాలామంది భాష గిరి భాషే. వారు చెప్పింది విని, దానిని కంపెనీకి అర్థమయ్యే మాటల్లో పెట్టగలిగినవారు ఆనాడు ఎక్కువమంది లేరు.

ఆ పోరాట ఫలితం గురించి చరిత్రకారులు ఒకే మాట చెప్పరు. కంపెనీని, ప్రభుత్వాన్ని దిగివచ్చేటట్లు చేసిన అహింసా విజయమని గిరి జీవితచరిత్రలు చెబుతాయి. సమ్మెను మొత్తం లైనుకు విస్తరింపజేయకుండా మితవాదులు రాజీపడ్డారని వామపక్ష రచయితలు విమర్శిస్తారు. నా దృష్టిలో రెండింటిలోనూ కొంత నిజముంది. గిరికి సమ్మె ఒక బేరసారాల సాధనం మాత్రమే. అవతలివాడిని చర్చకు కూర్చోబెట్టగానే సమ్మె పని అయిపోయినట్లే అని ఆయన భావించారు. కార్మికుడికి మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది.

చట్టం అప్పుడే వచ్చింది

ఖరగ్‌పూర్ పోరాటకాలాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మద్రాసులో 1918లో కార్మిక సంఘం ఏర్పడింది. బిన్నీ కంపెనీ మిల్లు తగవులో యజమానులు సంఘ నాయకుడు బి.పి. వాడియా మీద హైకోర్టులో దావా వేశారు. కార్మికులను ఒప్పందం ఉల్లంఘించడానికి పురికొల్పారని ఆరోపించారు. కోర్టు యజమానులకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఆనాడు సంఘం పెట్టడమే కుట్ర కింద లెక్కకట్టే వీలుండేది. ఈ లోటును తీర్చడానికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అది 1927 జూన్ 1న అమలులోకి వచ్చింది. రిజిస్టరైన సంఘం న్యాయబద్ధంగా తగవు నడిపితే నాయకుల మీద కుట్ర కేసు, నష్టపరిహారం దావా చెల్లవని ఆ చట్టంలోని 17, 18 సెక్షన్లు రక్షణ ఇచ్చాయి.

తేదీలు చూడండి. ఖరగ్‌పూర్‌లో మొదటి సమ్మె ఈ చట్టం అమలుకు ముందు జరిగింది. రెండవ పోరాటం చట్టం వచ్చిన మూడు నెలలకు జరిగింది. కొత్త చట్టం కింద కార్మిక నాయకుడు ఎలా నడవాలో దేశం ఇలాంటి చోట్లనే నేర్చుకుంది.

ఆ తర్వాతి ఘట్టాలు వేగంగా చూద్దాం. గిరి 1926లోనే ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. దానికి పదేళ్ళకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి ప్రతినిధిగా వెళ్ళారు. 1929లో విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, సహకరించాలా అన్న విషయం మీద కార్మికోద్యమం చీలింది. గిరి, ఎన్.ఎం. జోషి సహకరించాలన్నారు. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. యుద్ధకాలంలో జైలు. 1946లో ప్రకాశం మంత్రివర్గం. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనరు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

మంత్రిగా ఆయన పట్టుబట్టిన విషయం ఒకటుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రభుత్వం తగవును ట్రిబ్యునల్‌కు పంపగలిగేది. ఆ తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడవలసి ఉండేది. గిరి దీనికి వ్యతిరేకి. తగవు తలెత్తగానే పోలీసువాడిలా ప్రభుత్వం వచ్చి ఇద్దరినీ కోర్టుకు లాక్కుపోతే యూనియన్లు ఎన్నటికీ సొంతకాళ్ళ మీద నిలబడవని ఆయన వాదన. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలన్నారు. దీనికే 'గిరి పద్ధతి' అని పేరు వచ్చింది. ఇది ఖరగ్‌పూర్ అనుభవం నుంచి వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. ఆయన మాట చెల్లలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. గిరి ఆగస్టులో రాజీనామా చేశారు. తాను వద్దన్న ట్రిబ్యునల్ పద్ధతిలోనే వచ్చిన తీర్పు అది. అయినా ఉద్యోగులకు ఇచ్చిన మాట ప్రభుత్వం తప్పరాదన్నారు. పదవి కంటే మాట పెద్దదని నమ్మే మంత్రులు ఆనాడు కూడా తక్కువే.

ఓడిన అభ్యర్థి గవర్నరు కావడం

1957 ఎన్నికల కథ న్యాయశాస్త్ర విద్యార్థులకు ప్రత్యేకంగా పనికివస్తుంది. పార్వతీపురం అప్పుడు ఇద్దరు సభ్యులను ఎన్నుకునే నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినది, రెండవది సాధారణ స్థానం. తెగల అభ్యర్థులలో ఒకరికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, ఆయనకు రిజర్వుడు స్థానం దక్కింది. మరొక తెగల అభ్యర్థి డిప్పల సూరిదొరకు గిరి కంటే కొద్దిగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అందువల్ల సాధారణ స్థానం కూడా ఆయనకే వెళ్ళింది. రిజర్వుడు స్థానానికి నిలబడినవారికి సాధారణ స్థానం ఎలా ఇస్తారని గిరి సవాలు చేశారు. సుప్రీంకోర్టు 1959లో ఆయన వాదనను తిరస్కరించింది. సాధారణ స్థానం అందరిదీ, అందులో గిరిజనులకు కూడా హక్కుంది. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో రద్దు చేశారు.

ఈ కేసు నడుస్తుండగానే గిరి గవర్నరు! 1957 జూన్‌లో ఆయనను ఉత్తరప్రదేశ్‌కు నియమించారు. ప్రజలు ఓడించినవారిని కేంద్రం రాజ్‌భవన్‌కు పంపడం సబబా అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గవర్నరును కూడా ప్రజలే ఎన్నుకోవాలన్న ఆలోచన రాజ్యాంగ సభ ముందు మొదట ఉండేది. 1949 మేలో దానిని వదిలి రాష్ట్రపతి నియామక పద్ధతిని ఆమోదించారు. ఎన్నికైన ముఖ్యమంత్రి పక్కన ఎన్నికైన గవర్నరు కూడా ఉంటే ఒకే ఒరలో రెండు కత్తుల చందమవుతుందని భయపడ్డారు. ఫలితంగా 156వ అధికరణం ప్రకారం గవర్నరు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే పదవిలో ఉంటారు. ఆచరణలో ఆ ఇష్టం కేంద్ర మంత్రివర్గానిదే. ఇక 356వ అధికరణానికి మూలం 1935 నాటి వలస చట్టంలోని 93వ సెక్షన్. లండన్ స్థానంలో ఢిల్లీ వచ్చింది, కుర్చీ నిర్మాణం మాత్రం అంతగా మారలేదు.

ఉత్తరప్రదేశ్‌లో మూడేళ్ళు గడిచాయి. 1960 జూలైలో గిరి కేరళకు వెళ్ళారు. అక్కడ ముఖ్యమంత్రి పట్టం థాను పిళ్ళై. ఆయన కూడా న్యాయవాదే. 1962లో ముఖ్యమంత్రి పదవి వదిలి పంజాబ్ గవర్నరుగా వెళ్ళారు, తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. 1964 సెప్టెంబరులో ఆర్. శంకర్ మంత్రివర్గం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. 1965 మార్చిలో ఎన్నికలు జరిగాయి. మొత్తం స్థానాలు 133. మార్క్సిస్టు పార్టీకి 40, కాంగ్రెస్‌కు 36. ఎవరికీ మెజారిటీ లేదు. పైగా గెలిచిన మార్క్సిస్టులలో చాలామంది విచారణ లేని నిర్బంధంలో ఉన్నారు. స్థిరమైన ప్రభుత్వం ఏర్పడే అవకాశం లేదని గిరి నివేదిక పంపారు. శాసనసభ ఒక్కరోజైనా సమావేశం కాకుండానే రద్దయింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. జీవితమంతా ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలని వాదించిన మనిషి ఇక్కడ శాసనసభను ఒక్కరోజైనా కూర్చోనివ్వలేదు. లెక్క ప్రకారం ఆయన అంచనా తప్పని చెప్పలేం. పార్టీల మధ్య పొత్తు నిజంగానే కుదరలేదు. కానీ నిర్బంధంలో ఉన్న సభ్యులను విడుదల చేసి, సభలోనే తేల్చుకోమని ఉంటే? ఆ నిర్ణయం గవర్నరు చేతిలో లేదు, నిర్బంధాలు ప్రభుత్వాలవి. ఖరగ్‌పూర్‌లో గిరి ఒక పక్షానికి ప్రతినిధి, ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఆయనకు తెలుసు. రాజ్‌భవన్‌లో ఆయనకు కక్షిదారు లేడు. నియమించినవారు మాత్రమే ఉన్నారు.

ఆ రద్దు చెల్లుతుందని కేరళ హైకోర్టు 1965లోనే చెప్పింది. నలభై ఏళ్ళ తర్వాత, 2005లో, బీహార్‌లో కూడా కొత్త శాసనసభ సమావేశం కాకుండానే రద్దయింది. సభ సమావేశం కాకముందు కూడా రద్దుచేసే అధికారం ఉందని సుప్రీంకోర్టు 2006 నాటి తీర్పులో అంగీకరించింది. కానీ బీహార్‌లో దానిని ఉపయోగించిన తీరు రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. మెజారిటీని గవర్నరు తన గదిలో లెక్కపెట్టరాదని, సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసు తీర్పు స్పష్టం చేసింది. గిరి కాలంలో ఈ తీర్పులు లేవు.

సాక్షి బోనులో రాష్ట్రపతి

1965 నుంచి రెండేళ్ళు మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి ఆయన. మరునాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలిచారు. ఎదుట ఉన్నది మరో తెలుగువారు, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గిరి గెలిచారు. ఎన్నిక చెల్లదని పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టు ఎదుట సాక్ష్యమిచ్చారు. ఇది దేశ చరిత్రలో అంతకుముందు జరగలేదు. 1970 మేలో కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది.

ఆయన పదవీకాలపు చివరి వేసవిలో, 1974 మే 8న, దేశమంతటా రైల్వే సమ్మె మొదలయింది. దానికి పిలుపునిచ్చినవారిలో ముందున్నది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్, అప్పటి దాని అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్. ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసింది, ఉద్యోగాల నుంచి తొలగించింది, చాలాచోట్ల కుటుంబాలను రైల్వే క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించింది. మే నెలాఖరులో సమ్మె విరమించారు. ఆ ఇరవై రోజులూ ఫెడరేషన్ పాత ప్రధాన కార్యదర్శి రాష్ట్రపతి భవన్‌లోనే ఉన్నారు. మంత్రివర్గ సలహా ప్రకారం నడుచుకోవలసిన పదవి అది. ఆగస్టు 24న ఆయన పదవీకాలం ముగిసింది.